పై మూలన మూడు చుక్కలు

ఆ కాగితంలో ఉన్నది ఒకే వాక్యం. "ఈ చిత్రంలో చూపిన సంఘటనలన్నిటినీ ఆధారాలతో సరిచూశాను." దాని కింద ఒక గీత, గీత కింద 'పరిశోధన సహాయకురాలు' అని అచ్చు. ఆ గీత మీద నేను సంతకం పెట్టాలి.

మా ఇంట్లో సంతకం చిన్న విషయం కాదు. అమ్మమ్మది వేలిముద్ర. అమ్మ తన పేరు రాయడం నేర్చుకున్నది నన్ను కాలేజీలో చేర్చే ఫారం కోసం. వారం రోజులు పాత క్యాలెండరు వెనక దిద్ది, తీరా ఫారం మీద ఒక అక్షరం గీత దాటిపోతే ఏడ్చింది. నేను పాసైన రోజు నుంచి ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ నన్ను 'డిగ్రీ' అనే పిలుస్తారు. "డిగ్రీ, ఈ మందు సీసా మీద ఏం రాశారో చూడు." "డిగ్రీ, కరెంటాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, తిట్టారా పొగిడారా?" నేను చదివి ఏం చెప్తే అదే ఖాయం. ఉన్నది ఒకటైతే ఇంకోటి చదివి చెప్పొచ్చన్న ఆలోచన వాళ్ళకు రాదు. ఆ కాగితం చేతికొచ్చేదాకా నాకూ రాలేదు.

సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో, మన దేశంలో సినిమా తీయడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్నప్పుడు, ఒక పెద్దాయన తన ఇంటినే స్టూడియో చేసుకున్నాడు. పెరట్లో షూటింగు. వంటింట్లో ఫిల్ము కడగడం. వెనక గదిలో ముక్కలు అతకడం. ముందు హాల్లో ప్రొజెక్టరు పెట్టి, తీసింది చూసుకోవడం. ఆయన గురించి పుస్తకాల్లో అరపేజీ ఉంటుంది. ఆ అరపేజీని రెండున్నర గంటల సినిమా చేయడానికి మా డైరెక్టరు గారు పూనుకున్నారు. ఆయనకు ఇష్టమైన మాట 'స్ఫూర్తి'. టీ బాగుంటే స్ఫూర్తి ఉందంటారు, చల్లారిపోతే స్ఫూర్తి లేదంటారు.

నాకు ఆ ఉద్యోగం మార్కుల వల్ల రాలేదు. ఇంటర్వ్యూలో ఆయన, "పాత సినిమా గురించి నీకేం తెలుసమ్మా?" అని అడిగితే, తడబడి, చదివినవన్నీ మర్చిపోయి, మా తాతమ్మ సంగతి చెప్పేశాను.

మా తాతమ్మ, అంటే అమ్మమ్మ వాళ్ళ అమ్మ, ఆ పెద్దాయన ఇంట్లో ఫిల్ము అతికేది. వెనక గదిలో తూర్పు కిటికీ కింద ఒక పొడవాటి బల్ల, బల్ల ముందు ముగ్గురు ఆడవాళ్ళు. ఫిల్ముకు ఒక వైపు మందు పూత ఉంటుంది, రెండో వైపు ఉత్త నున్నటి నిగనిగ. ఏది ఏ వైపో తెలుసుకోవడానికి ముక్కను పెదవికి ఆనించేవాళ్ళు. అంటుకుంటే మందు వైపు. ఆ మందును బ్లేడుతో గీకి, జిగురు రాసి, రెండో ముక్కను దాని మీద పెట్టి, వంద అంకెలు లెక్కపెట్టేదాకా బొటనవేలితో నొక్కిపట్టాలి. సరిగ్గా గీకకపోతే ప్రొజెక్టరులో అతుకు విడిపోతుంది. విడిపోయిన ముక్క తిరిగి బల్ల మీదికే వస్తుంది. ఎవరిది వాళ్ళే మళ్ళీ అతకాలి. చదువు లేదు కాబట్టి పేరు రాయడం కుదరదు. అందుకని అతుకు దాటాక వచ్చే మొదటి బొమ్మ పై మూలన సూదితో గుచ్చేవాళ్ళు. మొదట పనిలో చేరినావిడ ఒక చుక్క, రెండో ఆవిడ రెండు, మా తాతమ్మ మూడు. ఆ ఇంట్లో ఆమెను పిలిచిందే 'చుక్కలమ్మ' అని.

ఒకరోజు పెద్దాయన ఇంటికి చుట్టాలొచ్చారు. కొత్త సినిమా చూపిస్తానని హాల్లో తలుపులు మూసి, తనే ప్రొజెక్టరు తిప్పుతున్నాడు. నాయిక మొహం వచ్చేసరికి మురిసిపోయి, "చూడండి, చూడండి, ఆ కళ్ళు చూడండి" అంటూ చెయ్యి ఆపేశాడు. ఆ కాలపు ఫిల్ము వేడి దీపం ముందు కదులుతున్నంతసేపే బతుకుతుంది. ఆపితే రెండు అంకెలు లెక్కపెట్టేలోగా అంటుకుంటుంది. అంటుకుంది. నీళ్ళు పోసినా ఆరని మంట అది. చుట్టాలు వీధిలోకి పరిగెత్తారు. తాతమ్మ వెనక గదిలోంచి లోపలికి పరిగెత్తింది. మండుతున్న ఫిల్ము చుట్టను ఎడమచేత్తో లాగి పెరట్లోకి విసిరి, మిగతా డబ్బాలు ఒక్కొక్కటే బయటికి మోసింది. పదకొండు. అప్పటికి అమ్మమ్మకు ఎనిమిదేళ్ళు. పెరటి గడప మీద కూర్చుని ఆ డబ్బాలు అందుకున్నది తనే.

మిగతా ఇద్దరినీ వాళ్ళ ఇళ్ళలో మళ్ళీ పనికి పంపలేదు. సగం మాడిన ముక్కలన్నీ మూడు నెలలు తాతమ్మ ఒక్కతే అతికింది. కాలిన ఎడమచెయ్యి ముడుచుకోవడం లేదు. అందుకని పెద్దాయన వచ్చి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆమె చెప్పినట్టల్లా మందు గీకి ఇచ్చేవాడు. ఎవరు పలకరించడానికి వచ్చినా ఆయన మొదట చెప్పే మాట ఒకటే. "చెయ్యి ఆపింది నేను. నా వల్లే అంటుకుంది."

ఇదంతా చెప్పి ఆగేసరికి డైరెక్టరు గారి కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇదమ్మా స్ఫూర్తి!" అని బల్ల చరిచారు. మర్నాడు ఉద్యోగంలో చేరాను. ఇంటికొచ్చి, తాతమ్మ సినిమాలోకి ఎక్కుతోందని చెప్తే, అమ్మమ్మ వెంటనే అడిగింది. "ఏ వైపు గీకాలో వాళ్ళకు చెప్పావా?"

ఎనిమిది నెలల తర్వాత, ఎడిటింగ్ గదిలో ఆ మంట సీను మొదటిసారి చూశాను.

రాత్రి. వెనక గది. బల్ల మీద నూనె దీపం. దీపం పక్కనే ఫిల్ము కుప్ప. తెరమీది చుక్కలమ్మ అద్దంలో మొహం చూసుకుంటూ, కూనిరాగం తీస్తూ, మోచేత్తో దీపాన్ని తోసేస్తుంది. మంట. కెవ్వున అరిచి పారిపోతుంది. పెద్దాయన మంటల్లోకి దూకి, డబ్బాలన్నీ ఒక్కడే బయటికి మోసుకొస్తాడు. మసి పట్టిన మొహంతో పెరట్లో మోకాళ్ళ మీద కూలబడతాడు. ఆమె ఆయన కాళ్ళ మీద పడుతుంది. ఆయన, "కాలింది ఫిల్ము మాత్రమే, నా కల కాదు" అని ఆమెను క్షమిస్తాడు. వయొలిన్లు.

గదిలో నలుగురు చప్పట్లు కొట్టారు. నా చెవుల్లోంచి వేడి ఆవిరి వస్తున్నట్టు అనిపించింది. రైటరు నా వైపు తిరిగి, కనుబొమలు ఎగరేసి, "ఎలా ఉంది మేడమ్? మీ తాతమ్మను లీడ్ సీన్లో పెట్టాం" అన్నాడు.

"దీపం ఎక్కడిదండీ?" అన్నాను.

"ప్రాపర్టీ వాళ్ళు తెచ్చారు. పాతదే. బాగుంది కదా?"

"అది కాదు. అతుకుల గదిలో దీపం ఉండదు. పొద్దెక్కాక మొదలుపెట్టి, వెలుగు తగ్గగానే పని ఆపేసేవాళ్ళు. అగ్గిపుల్ల జేబులో పెట్టుకుని ఎవడైనా గడప దాటితే మా తాతమ్మ బయటికి నెట్టేదట. పెద్దాయన్నే ఒకసారి నెట్టిందట."

"అదెవరికి తెలుసు మేడమ్?"

"నాకు తెలుసు."

"అందుకేగా మీ సంతకం అడుగుతున్నాం" అన్నాడు, నవ్వుతూ.

పాత సినిమాలో బతికి బయటపడ్డ నలభై నిమిషాల ముక్క ఒకటి ఫిల్ముల భద్రశాలలో ఉంది. మా సినిమా చివర్లో అందులోంచి మూడు నిమిషాలు చూపిస్తారు. జనం ఏడ్చేది అక్కడే అని డైరెక్టరు గారి లెక్క. ఆ ముక్క వాడుకోవాలంటే, సినిమాలో చూపించేదంతా సరిచూసినట్టు పరిశోధన చేసిన మనిషి సంతకం ఉండాలని భద్రశాలవాళ్ళు షరతు పెట్టారు. నా సంతకం లేకపోతే ఆ మూడు నిమిషాలు లేవు. సంతకం పెడితే మా తాతమ్మ అద్దం చూసుకుంటూ కొంప ముంచిన మనిషి. అదీ నా చేతిరాతతో.

డైరెక్టరు గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"చూడమ్మా," అన్నారు నెమ్మదిగా. "జనం హీరోని చూసి లేచి నిలబడాలి. వాడి చేతుల్తోనే వాడి సినిమా తగలబెట్టుకున్నాడని చూపిస్తే ఎవడు లేస్తాడు? కష్టం బయటినుంచి రావాలి. అప్పుడే స్ఫూర్తి."

"ఆయన తప్పు ఒప్పుకున్నాడండీ. పనావిడ పక్కన నేల మీద కూర్చుని గీకి ఇచ్చాడు. మీకు ఆరోజు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి."

"నాకు వచ్చాయమ్మా. నేను టిక్కెట్టు కొని రాలేదుగా."

ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మెట్ల మీద నాకు నా మీదే కోపం వచ్చింది. ఆ కథ ఆ గదిలోకి మోసుకొచ్చింది ఎవరు? ఉద్యోగం కావాలని, పొంగిపోయి, అడక్కముందే విప్పి బల్ల మీద పరిచింది ఎవరు? నేను చెప్పకపోయి ఉంటే తాతమ్మ అరపేజీలో కూడా లేకుండా నిశ్చింతగా ఉండేది.

ఆధారం కావాలి. అమ్మమ్మ మాట తప్ప నా దగ్గరేముంది? అప్పుడు చుక్కలు గుర్తొచ్చాయి. కింది అంతస్తులో 'చీపురు' దగ్గరికి వెళ్ళాను.

చీపురు అంటే పాత ఫిల్మును కంప్యూటరులోకి ఎక్కించి, దుమ్మూ గీతలూ మచ్చలూ తుడిచేవాడు. అసలు పేరు జీతం రిజిస్టరులోనే ఉంది. కిటికీల్లేని గది, మూడు తెరలు, బిస్కట్ పొట్లం. నేను వెళ్ళేసరికి తెరమీద పాత సినిమా నాయిక మొహం ఆగి ఉంది. పాలలా శుభ్రంగా ఉంది.

"రండి మేడమ్. ఎలా ఉంది? నిన్నగాక మొన్న కడిగిన మొహంలా లేదూ?"

"బాగుంది. అతుకు దాటాక మొదటి బొమ్మ చూపించండి. పై మూల."

చూపించాడు. ఏమీ లేదు. ఇంకో అతుకు. ఏమీ లేదు. అమ్మమ్మ తొంభై రెండేళ్ళ మనిషి. ఎనిమిదేళ్ళప్పటి సంగతి. ఒకవేళ...

"ఇక్కడ చుక్కలు ఉండాలండీ. సూదితో గుచ్చినవి."

"ఓ, ఆ మచ్చలా!" అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ. "తుడిచేశాను. ప్రాణం తీశాయి. అతుకు రాగానే పై మూలన తెల్లగా మూడు పొక్కులు. మళ్ళీ అతుకు, మళ్ళీ మూడు. ఆ మూడు నిమిషాలకే పదిహేడు చోట్ల. నలభై నిమిషాల్లో ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలి. పురుగు తిన్నదేమో అనుకున్నాను."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నవ్వాలో అరవాలో తెలియలేదు. దాదాపు తొంభై ఏళ్ళు మంటకూ చెదకూ తేమకూ తట్టుకుని నిలిచిన చుక్కలు. ఒక మనిషి, నెలజీతానికి, బిస్కట్ తింటూ, మంచి మనసుతో, మౌసుతో తుడిచేశాడు.

"పురుగు కాదండీ. మా తాతమ్మ."

చెప్పినదంతా విని ఆయన బిస్కట్ పొట్లం పక్కకు నెట్టాడు. తర్వాత తుడవకముందు ఎక్కించిన కాపీ తెరిచాడు. నలభై నిమిషాలూ ఒక్కొక్క అతుకూ చూశాం. సాయంత్రం అయిదయింది. రెండొందల పదకొండు అతుకులు. మొదట్లో మంట తగలని ముక్కల్లో అక్కడక్కడా ఒక చుక్క, రెండు చుక్కలు ఉన్నాయి. అంచు మాడిన ముక్కలు మొదలైన దగ్గరనుంచి చివరిదాకా మూడే. ఒక్కటి కూడా తప్పలేదు.

"ఒక్క మనిషి అతికింది" అన్నాడు చీపురు. "కాలినవన్నీ ఒక్క మనిషే."

"కాల్చి పారిపోయిన మనిషి" అన్నాను.

ఆ రెండొందల పదకొండు బొమ్మలూ అచ్చువేయించి మర్నాడు డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఓపిగ్గా తిప్పారు. రైటరు భుజం మీదుగా చూశాడు. డైరెక్టరు గారు చెడ్డవారైతే నాకు పని సులువయ్యేది. కాగితాలు సర్ది, నిజంగానే నొచ్చుకున్న మొహంతో, "సరేనమ్మా. మీ తాతమ్మ పేరు తీసేస్తాం. చుక్కలమ్మ అనరు ఎవరూ. డబ్బింగులో మారుద్దాం. దీపం తోసింది ఇంకో ఆవిడ. మీ తాతమ్మ ఆ సీన్లో లేనే లేదు. ఇంకా కావాలంటే చివర్లో మీ అమ్మమ్మను తెరమీద చూపిద్దాం. ఆ ఇంటి చివరి సాక్షి. హాలంతా లేచి నిలబడుతుంది. సరేనా?" అన్నారు.

ఆ క్షణాన నాకు సరేననిపించింది. అబద్ధం చెప్పను. బరువు దిగినట్టే అనిపించింది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ రోటీలు చేస్తూ, వెనక్కి తిరక్కుండానే, "పెట్టెయ్ తల్లీ. మన మనిషి మీద మాట రాకపోతే చాలు. పెద్దవాళ్ళతో గొడవెందుకు? ఇంకో ఉద్యోగం చెట్టుకు కాస్తుందా?" అంది.

అమ్మమ్మ మంచం మీద కూర్చుని నా అచ్చు కాగితాలను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఒక కాగితాన్ని పెదవికి ఆనించింది. అలవాటు. ఉత్తరమొచ్చినా, బస్సు టిక్కెట్టయినా, మందుల చీటీ అయినా ఒకసారి పెదవికి ఆనించి చూడందే పక్కన పెట్టదు.

"ఆ ఇంకో ఆవిడ ఎవరు?" అంది.

"ఎవరూ కాదమ్మమ్మా. ఊరికే. కథలో మనిషి."

"బల్ల దగ్గర ఉన్నది ముగ్గురే కదే. మా అమ్మ కాకపోతే ఒక చుక్కావిడ అయినా కావాలి, రెండు చుక్కలావిడ అయినా కావాలి. ఒక చుక్కావిడ నాకు జడ వేసేది. రెండు చుక్కలావిడ దగ్గితే బల్లంతా కదిలేది. వాళ్ళకు మాత్రం పిల్లల్లేరా? మనవరాళ్ళు లేరా? వాళ్ళింట్లో డిగ్రీ లేదనేగా ఈ ధైర్యం?"

అమ్మ చేతిలో అప్పడాల కర్ర ఆగింది.

"నువ్వు ఊరుకోవే అమ్మా," అంది. "దాని ఉద్యోగం నీకు ఆటగా ఉందా?"

"నేనేమన్నా దాన్ని మానెయ్యమన్నానా? పెట్టమన్నానా? చదువుకుంది, కాగితంలో ఏముందో చదివి చెప్పమంటున్నాను. మొదట్నుంచీ చదువు డిగ్రీ, నాకు వినపడేట్టు."

చదివాను. "ఈ చిత్రంలో చూపిన సంఘటనలన్నిటినీ ఆధారాలతో సరిచూశాను."

"సరిచూశావా?"

"చూశాను."

"సరిగ్గా ఉందా?"

నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను. అమ్మ రోటీ మాడిన వాసన వచ్చింది.

రెండు రోజులకు అమ్మమ్మను షూటింగుకు తీసుకురమ్మన్నారు, ఆ 'చివరి సాక్షి' ముక్క తీయడానికి. కారు పంపారు. అమ్మమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కారులో దారిపొడవునా డ్రైవరును ప్రశ్నలతో చంపింది. స్టూడియోలో వెనక గది సెట్టు వేసి ఉంది. తూర్పు కిటికీ, పొడవాటి బల్ల, పీటలు. అన్నీ నేనిచ్చిన కొలతలే. అమ్మమ్మ గడప దగ్గర ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. లైట్‌బాయ్‌లు దారిచ్చి పక్కకు జరిగారు. తర్వాత బల్ల మీదికి వంగి చూసింది.

"ఈ దీపం ఎవరు పెట్టారయ్యా?"

"కథలో ఉందండీ, అమ్మమ్మ గారూ," అన్నాడు రైటరు.

"నువ్వేనా కథ రాసింది? రా నాయనా, ఇలా కూర్చో."

రైటరు నవ్వుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు. కెమెరా తిరుగుతోంది. అమ్మమ్మ బల్ల మీది రెండు ఫిల్ము ముక్కలు తీసి అతని చేతిలో పెట్టింది. "అతుకు."

అతను బ్లేడు తీసుకుని, నిగనిగలాడే వైపు గీకడం మొదలుపెట్టాడు. సినిమాలో హీరో కూడా ఆ వైపే గీకుతాడు. జిగురు రాసి, అంటించి, గర్వంగా ఎత్తి చూపించాడు. ముక్క ఊడి నేల మీద పడింది. లైట్‌బాయ్‌లు గొల్లుమన్నారు.

"పెదవికి ఆనించుకోవాలి బాబూ, ముందు," అంది అమ్మమ్మ, కోప్పడకుండా. "చేతికి తెలియకపోతే ఎవరైనా చేసేది అదే. అందులో తప్పు లేదు. ఆ పెద్దాయన కూడా మొదట ఇట్లాగే గీకాడు. మా అమ్మ తిట్టింది. ఆయన పడ్డాడు. పడి నేర్చుకున్నాడు. అంత గొప్పవాడు పడ్డ మాటను మీరు పడనివ్వరే! ఆయన మీద మీకు ఆపాటి నమ్మకం లేదా?"

డైరెక్టరు గారు "కట్" అనలేదు. మానిటరు ముందు కూర్చుని గడ్డం రుద్దుకుంటున్నారు. నేను సంచిలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. సంతకం పెట్టాను. కాకపోతే ఆ వాక్యం కింద, గీత పైన, ఉన్న ఖాళీలో నా గుండ్రటి కాలేజీ అక్షరాలతో రాశాను: 'మంట సీను అబద్ధం. దీపం తోసిన మనిషి ఎవరూ లేరు. ఆధారాలు జతచేశాను, పేజీలు 211.'

ఆయన చదివారు. "ఇది భద్రశాలకు పంపితే వాళ్ళు ఆ ముక్క ఇవ్వరమ్మా."

"తెలుసండీ."

"నీ ఉద్యోగం..."

"అదీ తెలుసండీ."

కలానికి మూత పెట్టి సంచిలో వేసుకున్నాను.

ఉద్యోగం పోయింది. ఎవరూ అరవలేదు. ఒకటో తేదీ నుంచి అవసరం లేదని చాలా మర్యాదగా చెప్పారు. వీధిలో మాత్రం, "డిగ్రీ సినిమావాళ్ళతో తగువు పెట్టుకుందట" అని నెలరోజులు చెప్పుకున్నారు. అమ్మ పదిహేను రోజులు నాతో ముభావంగా ఉంది. పదహారో రోజు, నాకు కొత్త పనికి దరఖాస్తు ఫారం తనే తెచ్చింది.

సినిమా విడుదలైంది. ఉదయం ఆటకు అమ్మమ్మనూ అమ్మనూ తీసుకుని వెళ్ళాను. టిక్కెట్లు మేమే కొనుక్కున్నాం.

అద్దం లేదు, దీపం లేదు, కాళ్ళ మీద పడటం లేదు. వేరే ఎవరో సంతకం పెట్టడానికి ఆ సీను మార్చక తప్పలేదు కాబోలు. మంట మాత్రం ఉంది. ఎలా పుట్టిందో లేదు. హాల్లో ప్రొజెక్టరు తిరుగుతూ ఉంటుంది, మరుక్షణం పొగ. దానంతటదే పుట్టిన మంట! పెద్దాయన చెయ్యి ఆపడం చూపించడానికి మాత్రం వాళ్ళకు చెయ్యి రాలేదు. డబ్బాలు ఆయన అయిదు మోశాడు. ఒక ఆడమనిషి, మొహం కనిపించకుండా, ఆరు మోసింది. పదకొండు అయితే సరిపోయింది. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఒక మనిషి గొప్పవాడని నమ్మడానికి పక్కనున్న వాళ్ళ మొహాలు ఎందుకు కనపడకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చివర్లో పాత సినిమా ముక్క వచ్చింది. మూడు నిమిషాలు. వయొలిన్లు ఆగిపోయాయి. నాయిక మొహం, నల్లగా తెల్లగా, నవ్వబోతూ. అతుకు దాటింది. పై మూలన మూడు తెల్లటి చుక్కలు తళుక్కుమన్నాయి.

ఇంకో అతుకు. మళ్ళీ మూడు. చీపురు తిరిగి పెట్టేశాడు. ఎవరినీ అడిగి ఉండడు. అడిగితే ఒప్పుకునేవాళ్ళు కాదు.

"ఒకటి, రెండు, మూడు" అంది అమ్మమ్మ. పైకే అంది. అతుకు వచ్చింది. "ఒకటి, రెండు, మూడు." గొంతు పెరిగింది. "అమ్మదేనే డిగ్రీ. ఒకటి, రెండు..."

"ష్" అన్నారు వెనకనుంచి. ముందు వరుసలో కళ్ళద్దాల పెద్దమనిషి రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఏమండీ, ఆవిడను కాస్త ఊరుకోమనండి. ఇంత గొప్ప ఘట్టం. చూడనివ్వండి."

నా జన్మలో ఎవరు తిరిగి చూసినా 'సారీ అండీ' అనడమే నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా.

"చూడాల్సింది మీరండీ," అన్నాను. "పై మూలన. ఇప్పుడొస్తుంది, చూడండి."

ఆయన తెరవైపు తిరిగాడు.